పొగచూరిన తోలు జాకెట్టు: ఆ వాసనను ఇంట్లోనే వదలగొట్టడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. మా అన్నయ్య చాలాకాలం వాడిన తోలు జాకెట్టు ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. తోలు ఎక్కడా పగలలేదు, కుట్లు ఊడలేదు, జిప్పు కూడా సాఫీగా నడుస్తోంది. అయితే ఏళ్ల తరబడి సిగరెట్ పొగ తగలడం వల్ల పట్టిన వాసన మాత్రం ఎంతకీ వదలడం లేదు. బీరువాలో తగిలిస్తే పక్కనున్న నూలు బట్టలకు సైతం అంటుకుంటోంది. వేసుకుని కాసేపు నడిస్తే చాలు, ఒంటి వేడికి ఆ వాసన మెడ దగ్గర నుంచి పైకి ఎగసి వస్తోంది. కిటికీ పక్కన గాలికి తగిలించినప్పుడు తగ్గినట్టే అనిపిస్తుంది గాని, తలుపులు మూసిన గదిలోకి తేగానే మళ్లీ మొదటికి వస్తోంది.

ఈ విషయమై నేను చదివిన సలహాలకు ఒకదానితో ఒకటి పొంతన కుదరడం లేదు. వంటసోడా నీటిలో కలిపి తుడవమని ఒకరంటే, వెనిగర్‌తో తుడవమని మరొకరంటున్నారు. ఎండలో వేస్తే గాని పోదని కొందరు, ఎండ తగిలితే తోలు పాడవుతుందని మరికొందరు చెబుతున్నారు. గదుల్లో వాసన పోగొట్టే ఓజోన్ యంత్రాన్ని అద్దెకు తెచ్చి జాకెట్టుతో పాటు మూసిపెట్టమన్న సలహా కూడా కనిపించింది. అన్నీ వరుసగా చేసి చూడవచ్చు గాని, ఆ ప్రయోగాల్లో తోలు గట్టిపడిపోతే తిరిగి బాగుచేయడం సాధ్యం కాదేమోనని వెనకాడుతున్నాను.

నా సందేహాలు ముఖ్యంగా ఇవి. వాసన నిజానికి తోలులోనే ఉందా, లేక లోపలి అస్తరులో ఉందా? తడి తగిలించవచ్చా, తగిలిస్తే ఎంతవరకు? వెనిగర్, వంటసోడా, బొగ్గు, వీటిలో ఏది ఏ పని చేస్తుంది? ఈ పని తెలిసినవారు కారణాలతో సహా వివరిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.


మొదటి సమాధానం (తోలు దుస్తుల మరమ్మతు చేసేవారు)

మీ మొదటి సందేహమే అన్నిటికన్నా ముఖ్యమైనది. పొగ వాసన పోవడం లేదని నా దగ్గరికి వచ్చే జాకెట్లలో ఎక్కువ భాగం తోలు పైభాగాన్ని ఎంతో శ్రద్ధగా తుడిచి, అస్తరును ముట్టుకోకుండా వదిలేసినవే. తోలు పైన సాధారణంగా రంగుపూత ఉంటుంది కాబట్టి పొగ అక్కడ పలచని పొరలా పేరుకుంటుంది తప్ప అంత సులువుగా లోపలికి దిగదు. అస్తరు అలా కాదు. అది బట్ట, దాని వెనుక చాలా జాకెట్లలో దూది వంటి మెత్త ఉంటుంది, ఆ వెనుక పూత లేని తోలు వెనకభాగం ఉంటుంది. పొగ ఈ మూడింటిలోకీ చేరి, గాలి ఆడని ఆ సందులో నిలిచిపోతుంది. మీరు నడుస్తున్నప్పుడు మెడ దగ్గర నుంచి వాసన ఎగసి రావడానికి కారణం కూడా అదే. ఒంటి వేడికి లోపలి గాలి వెచ్చబడి, మెడ దగ్గర తెరిచి ఉన్న చోటు నుంచి పైకి వస్తుంది.

కాబట్టి ముందు జాకెట్టును పూర్తిగా తిరగేయండి. జేబులను ఒక్కొక్కటిగా బయటికి లాగి, అడుగున కుట్టు పక్కనున్న మూలను వేళ్లతో విప్పి చూడండి. పొగ తాగేవారి జాకెట్టు అయితే ఆ మూలలో పొగాకు పొడి, నూలు పోగులు, బూడిద కలిసి చిన్న ఉండలా గట్టిపడి ఉంటాయి. లోపలి రొమ్ము జేబులో ఇది మరీ ఎక్కువ. ఆ ఉండను మెత్తని బ్రష్‌తో రేపి, వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేయకుండా పైన ఏం చేసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే వాసన పుట్టే చోటు అక్కడే అలాగే మిగిలిపోతుంది. తరువాత అదే బ్రష్‌ను చేతుల లోపల, చంకల దగ్గర, కాలరు కింద, భుజాల మెత్తల మీద నింపాదిగా నడపండి.

దుమ్ము పోయిన తరువాతే తడి. గోరువెచ్చని నీటిలో ఉన్ని బట్టలకు వాడే ద్రవ సబ్బు కొన్ని చుక్కలు కలిపి, తెల్లని నూలు గుడ్డను ముంచి, ఇక చుక్క రాలదనిపించేదాకా పిండి, అస్తరును అరచేయి వెడల్పు చొప్పున తుడుస్తూ వెళ్లండి. గుడ్డ తెల్లనిదే కావాలనడానికి కారణం ఉంది: పొగ జిడ్డు టీ మరకలాంటి పసుపు గోధుమ రంగులో దాని మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రంగు తగ్గుతున్న కొద్దీ పని ఎంతవరకు వచ్చిందో మీకే తెలుస్తుంది. సబ్బు నురగ మిగలకుండా మంచినీటి గుడ్డతో మరోసారి తుడవాలి. అస్తరును నానబెట్టకూడదు. తడి వెనక్కి దిగితే తోలు వెనకభాగం పీల్చుకుంటుంది, అక్కడి నుంచి పైకి మరకలుగా తేలుతుంది.

అస్తరు కాస్త ఆరాక, ఒక పాలు తెల్ల వెనిగర్‌కు మూడు పాళ్లు నీళ్లు కలిపి, సన్నని తుంపరగా అస్తరు మీద మాత్రమే చల్లవచ్చు. వెనిగర్ వాసన ఆరిన తరువాత నిలవదు. వెంటనే ఫ్యాన్ కింద, జిప్పు పూర్తిగా తెరిచి, జేబులు బయటికి లాగి, వెడల్పు భుజాలున్న హ్యాంగర్‌కు తిరగేసిన జాకెట్టునే తగిలించండి. సన్నని తీగ హ్యాంగర్ వాడితే తడి బరువుకు భుజాల మీద గుంటలు పడతాయి, అవి మళ్లీ సర్దుకోవు.

తోలు పైభాగం సంగతి దీని తరువాత. పలచని మెత్తని గుడ్డను తడిపి గట్టిగా పిండి, కాలరు, చేతుల అంచులు, జేబుల పెదవులు, జిప్పు పక్కనున్న పట్టీలు, ఈ నాలుగు చోట్ల శ్రద్ధగా తుడవండి. చేతులు తగిలే చోట్లు ఇవే కాబట్టి, వేళ్లకు అంటిన పొగాకు జిడ్డు ఇక్కడే పోగుపడి ఉంటుంది. గుడ్డను ఎప్పటికప్పుడు మడతమార్చి శుభ్రమైన వైపు వాడండి, లేకపోతే ఒకచోటి జిడ్డును మరోచోట పూసినట్టవుతుంది.

ఇంకొక మాట. అస్తరును ఎన్నిసార్లు తుడిచినా గుడ్డకు రంగు అంటుతూనే ఉంటే, దాన్ని మార్పించడమే సరైన దారి అని నా అభిప్రాయం. మంచి తోలును కాపాడుకోవడానికి అస్తరును వదులుకోవడంలో తప్పేమీ లేదు. పాత అస్తరు, మెత్త రెండూ తీసేసి, తోలు వెనకభాగానికి కొన్నాళ్లు నేరుగా గాలి తగలనిచ్చి, ఆ తరువాత కొత్తది కుట్టిస్తే, ఇక పోదనుకున్న వాసన కూడా చాలావరకు పోతుంది. జాకెట్టు ఖాళీగా విప్పి ఉన్న ఆ కొద్ది రోజులే తోలుకు అసలైన గాలి ఆడే అవకాశం.


రెండవ సమాధానం (రసాయన శాస్త్రం బోధించేవారు)

పై సమాధానంలోని క్రమంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీరు అడిగిన వెనిగర్, వంటసోడా, బొగ్గుల సంగతి మాత్రం కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే ఏది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఏది హాని చేస్తుందో కూడా తెలుస్తుంది.

పొగ వాసన ఒకే పదార్థం వల్ల వచ్చేది కాదు. సిగరెట్ పొగలో నికోటిన్, పిరిడిన్ జాతికి చెందిన క్షార పదార్థాలు ఉంటాయి, ఎసిటిక్ ఆమ్లం, ఫార్మిక్ ఆమ్లం వంటి ఆమ్లాలు ఉంటాయి, గ్వాయకాల్, క్రెసాల్ వంటి ఫినాల్ జాతి పదార్థాలు ఉంటాయి, వీటన్నిటినీ అంటిపెట్టుకుని తారు ఉంటుంది. వీటిలో చాలావరకు మెల్లగా ఆవిరయ్యేవే. గ్వాయకాల్ మరిగేది 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నికోటిన్ మరిగేది 247 డిగ్రీల దగ్గర. అందువల్ల గది వేడిలో అవి రోజూ కొంచెం కొంచెంగానే బయటికి వస్తాయి. మీ జాకెట్టును గాలికి పెట్టినప్పుడు పైపైన ఉన్నది ఎగిరిపోయి, గదిలోకి తెచ్చాక లోపలున్నది మెల్లగా పైకి చేరడం వల్లనే వాసన మొదటికి వచ్చినట్టు అనిపిస్తోంది. అంటే గాలికి పెట్టడం వృథా కాదు, వ్యవధి చాలలేదు, అంతే.

ఇక తోలు విషయం. పచ్చి చర్మాన్ని తోలుగా ఊనే క్రమంలో చివర నూనెలు పట్టిస్తారు. తోలుకు మెత్తదనం ఇచ్చేవి ఆ నూనెలే. పొగలోని ఫినాళ్లు, తారు నూనెలో తేలికగా కలుస్తాయి కాబట్టి తోలు వాటిని పట్టుకుని వదలదు. అంతేకాక, సిద్ధమైన తోలు స్వభావం కొంచెం ఆమ్లంగా ఉంటుంది, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార స్వభావాల కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సాధారణంగా 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. వంటసోడా నీటి పీహెచ్ 8 దాటుతుంది. ఆ నీటితో తోలును తుడిస్తే రెండు రకాల నష్టం కలుగుతుంది. మొదటిది, ఊనేటప్పుడు పట్టించిన పదార్థాలకూ చర్మపు పోగులకూ మధ్య ఉన్న బంధం సడలి, తోలు కాలక్రమంలో బిరుసెక్కుతుంది, రంగు కూడా మారవచ్చు. రెండవది చాలామంది ఊహించనిది: నికోటిన్ క్షారం కాబట్టి ఆమ్ల స్వభావమున్న తోలులో లవణంగా మారి కదలకుండా ఉంటుంది, సోడా నీళ్లు తగిలించగానే ఆ లవణం విడిపోయి నికోటిన్ మళ్లీ ఆవిరయ్యే రూపంలోకి వస్తుంది. వాసన తగ్గాలని చేసిన పనే దాన్ని పెంచుతుందన్నమాట.

అస్తరు మీద వెనిగర్ ఉపయోగపడటానికి కూడా ఇదే కారణం. బట్టకు సహజంగా ఆమ్ల స్వభావం ఉండదు కాబట్టి అక్కడి నికోటిన్, పిరిడిన్‌లను వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం కదలకుండా కట్టివేస్తుంది, తరువాత తడి గుడ్డతో తుడిస్తే అవి నీటిలో కరిగి వచ్చేస్తాయి. తోలు మీద మాత్రం వెనిగర్ చేసే పని తక్కువ. తోలే ఆమ్లంగా ఉన్నప్పుడు దానికి మరింత ఆమ్లం ఇచ్చి కొత్తగా సాధించేది ఏమీ ఉండదు. అక్కడ మేలు చేసేది తుడవడమే.

వంటసోడాను పొడిగా వాడవచ్చు. జాకెట్టును ఉంచిన పెట్టెలో వెడల్పు పళ్లెంలో పోసి పెడితే గాలిలోకి వచ్చే ఆమ్లాల ఆవిరిని అది పట్టుకుంటుంది. అయితే ఫినాళ్ల మీద దాని ప్రభావం చాలా తక్కువ, పొగ వాసనలో ముక్కుకు ఘాటుగా తగిలేవి ముఖ్యంగా ఆ ఫినాళ్లే. ఈ పనికి సోడా కన్నా యాక్టివేటెడ్ చార్కోల్ ఎన్నో రెట్లు మేలు. దానిలోని సన్నని రంధ్రాల వల్ల ఒక్క గ్రాము బొగ్గు లోపలి ఉపరితలం 500 చదరపు మీటర్లకు మించి ఉంటుంది, పొగలోని జిడ్డు స్వభావం గల పదార్థాలు ఆ గోడలకు అతుక్కుపోతాయి. పొయ్యిలో వేసే మామూలు బొగ్గుకు ఇంత శక్తి ఉండదు. బొగ్గును నూలు సంచిలో కట్టి, మసి అంటకుండా జాకెట్టుకు తగలనంత దూరంలో ఉంచి, మూత గట్టిగా పడే పెట్టెలో రెండింటినీ పెట్టాలి. పగలు ఫ్యాన్ గాలికి, రాత్రి బొగ్గు పెట్టెలో, ఈ వరుసలో కొన్ని వారాలు నడపడం నేను మేలనుకునే పద్ధతి. బొగ్గును ఎండబెడితే మళ్లీ కొత్తదవుతుందని చెబుతారు గాని, ఎండ వేడికి తేలికగా ఆవిరయ్యే పదార్థాలే వదులుతాయి, ఫినాళ్లు అంత సులువుగా వదలవు. కాబట్టి కొన్నాళ్లకు బొగ్గును మార్చాల్సిందే.

ఓజోన్ యంత్రం జోలికి మాత్రం వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. ఓజోన్ వాసన పదార్థాలను విరగ్గొట్టే మాట నిజమే గాని, అది తోలులోని నూనెలను, రంగులను, చేతుల అంచుల్లో ఉండే రబ్బరు పట్టీలను కూడా అలాగే విరగ్గొడుతుంది. నికోటిన్‌తో కలిసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వంటి కొత్త పదార్థాలు పుడతాయి. ఓజోన్‌ను పీల్చితే ఊపిరితిత్తులకు కూడా హాని. ఎండ విషయంలో కూడా నేను వద్దనేవారి పక్షమే. అతినీలలోహిత కిరణాలకు రంగు వెలుస్తుంది, నూనెలు ఎండిపోతాయి. దానికి తోడు, క్రోమియం లవణాలతో ఊనిన తోలుకు వేడి, అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా తగిలితే హానిలేని మూడవ రూపంలోని క్రోమియంలో కొంత, చర్మానికి ఎలర్జీ కలిగించే ఆరవ రూపంలోకి మారే అవకాశం ఉంది. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో ఆ ఆరవ రూపం కిలోకు 3 మిల్లీగ్రాములకు మించరాదని యూరోపియన్ యూనియన్ 2015 నుంచి హద్దు పెట్టింది. నీడలో తగిలే గాలితోనే పని జరుగుతున్నప్పుడు ఎండను తెచ్చుకోవలసిన అవసరం లేదు.


ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. రొమ్ము జేబు మూలలో మీరు చెప్పిన పొగాకు ఉండ అచ్చంగా అలాగే ఉంది. దాన్ని తీసి, అస్తరు తుడిచి, చేతుల లోపలి భాగం కూడా తిరగేసి ఆరబెట్టిన తరువాత వాసన సగానికి పైగా తగ్గింది. గుడ్డకు అంటిన రంగు మొదట్లో ముదురుగా ఉండి, క్రమంగా లేతబడింది. ఇప్పుడు బొగ్గు పెట్టె పద్ధతి మొదలుపెట్టాను.

ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. పొడి వాతావరణంలో వాసన దాదాపు తెలియడం లేదు గాని, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున మళ్లీ పైకి వస్తోంది. ఇది మామూలేనా? రెండవది, కాలరు లోపలి వైపు ఒక నీటిచుక్క వేసి చూస్తే అది పైన నిలవకుండా ఇంకిపోయి ముదురు మచ్చగా కనిపించింది, ఆరాక పోయింది. అంటే ఈ తోలుకు పూత లేదనుకోవాలా? మూడవది, ఇదే బీరువాలో ఉన్న స్వేడ్ (నూగు తోలు) చేతుల్లేని కోటుకు కూడా ఆ వాసన పట్టింది. దానికీ ఇదే పద్ధతి పనికొస్తుందా?


మూడవ సమాధానం

మీ స్వేడ్ కోటు గురించి మాత్రమే చెబుతాను, నేను ఎక్కువగా వాడేవి అవే కాబట్టి.

స్వేడ్‌కు ఇదే పద్ధతి పనికిరాదు. దానికి పైన పూత ఉండదు సరికదా, తోలు పోగులను కావాలనే రేపి నూగులా నిలబెడతారు. ఆ నూగు మధ్య పొగ జిడ్డు చిక్కుకుంటుంది, తడి గుడ్డతో తుడిస్తే నూగు అణగారి, ఆరిన తరువాత గట్టి మచ్చగా మిగులుతుంది. అందుచేత పొడి పనితోనే ముందుకు వెళ్లాలి. స్వేడ్ కోసమే దొరికే రబ్బరు పళ్ల బ్రష్‌తో మొదట నూగు వాలిన దిశకు ఎదురుగా, తరువాత దిశ వెంబడి మెల్లగా దువ్వండి. కాలరు, గుండీల పక్కన నూగు అతుక్కుని నిగనిగలాడుతూ కనిపించే చోట్ల పిల్లలు వాడే తెల్లని రబ్బరుతో తేలికగా రుద్దితే, జిడ్డు నల్లని రబ్బరు పొట్టులో కలిసి రాలిపోతుంది. ఆ పొట్టును బ్రష్‌తో దులిపేయాలి. వాసన ఎక్కువగా ఉండేది ఇలా మెరిసే చోట్లలోనే కాబట్టి ఓపిక అంతా అక్కడ ఖర్చు పెట్టండి.

వంటసోడా పొడిని నేరుగా స్వేడ్ మీద చల్లి ఉంచమని చెబుతుంటారు. నేను దాన్ని సమర్థించను. ముదురు రంగు స్వేడ్ నూగులో ఆ పొడి ఇరుక్కుని ఎంత దులిపినా తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది. చెమ్మ తగిలితే అది కరిగి, రెండవ సమాధానంలో చెప్పిన క్షారం పని మొదలుపెడుతుంది. బొగ్గు పెట్టె మాత్రం స్వేడ్‌కు నిర్భయంగా వాడవచ్చు, ఎందుకంటే అక్కడ తోలుకు ఏదీ తగలదు. స్వేడ్‌కు పూత అడ్డు లేదు కాబట్టి లోపలున్న వాసన బయటికి రావడం కూడా తేలికే. బొచ్చు లోపలికి ఉండే గొర్రెతోలు కోట్లు ఎవరైనా వాడుతుంటే, వాటిలో బొచ్చును వెడల్పు పళ్ల దువ్వెనతో విడదీసి మొదళ్ల వరకు గాలి తగలనివ్వాలి. బొచ్చు మొదళ్లలో నిలిచిన పొగ పైపైన దులిపితే పోదు.


మొదటి సమాధానం ఇచ్చినవారు

తేమ ఉన్న రోజున వాసన పైకి రావడం మామూలే, దానికి భయపడవలసిన పని లేదు. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అలా లోపలికి వచ్చిన నీరు అక్కడ అంటుకుని ఉన్న వాసన పదార్థాలను వాటి చోటు నుంచి నెట్టివేస్తుంది. రసాయన శాస్త్రం తెలిసిన మిత్రులు దీన్ని ఇంకా బాగా వివరించగలరు గాని, పనిలో మేము రోజూ చూసేది ఇదే. దీన్ని మనకు అనుకూలంగా కూడా వాడుకోవచ్చు: చెమ్మగా ఉన్న రోజున జాకెట్టును మూసిపెట్టకుండా ఫ్యాన్ కింద ఉంచితే, పైకి వచ్చిన వాసన గాలితోపాటు పోతుంది. అయితే తేమను కావాలని పెంచకండి. స్నానాల గదిలో ఆవిరి నింపి జాకెట్టును అందులో తగిలించే అలవాటు కొందరికి ఉంది. పొడిగా ఆరేలోపు కుట్ల మధ్య బూజు పడితే పొగ వాసనకు బూజు వాసన తోడవుతుంది, దాన్ని వదలగొట్టడం ఇంకా కష్టం. తడిసిన తోలుకు ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయర్ వంటివి కూడా దూరంగా ఉంచాలి. చెట్ల బెరడు రసంతో ఊనిన తోలు అయితే తడిగా ఉన్నప్పుడు 80 డిగ్రీల చుట్టుపక్కల వేడికే ముడుచుకుపోతుంది, ఆ ముడత మళ్లీ సాగదు.

నీటిచుక్క ఇంకిపోయిందంటే మీ జాకెట్టుకు పూత చాలా పలచగా ఉందని, లేదా అసలు లేదని అర్థం. ఇటువంటి తోలు చూడటానికి అందంగా, చేతికి మెత్తగా ఉంటుంది గాని మరకలను త్వరగా పట్టుకుంటుంది. నేను ముందు చెప్పిన తడి గుడ్డను మీరు ఇంకా గట్టిగా పిండి వాడాలి, ఒకచోట చిన్న వలయంగా తుడవకుండా ఒక కుట్టు నుంచి మరో కుట్టు వరకు మొత్తం ముక్కను ఒకే ఊపులో తుడవాలి. మధ్యలో ఆపితే తడి ఆగిన చోట గీత పడుతుంది. వెనిగర్‌ను తోలు పైభాగానికి అసలు తగిలించకండి, స్పిరిట్, శానిటైజర్ వంటివి అంతకన్నా తగిలించకండి, అవి రంగునే కరిగించి గుడ్డకు అంటిస్తాయి. ఏ కొత్త పదార్థమైనా కాలరు కింద కనిపించని చోట కొద్దిగా రాసి, పూర్తిగా ఆరిన తరువాత చూసి గాని ముందుకు వెళ్లవద్దు. తడిగా ఉన్నప్పుడు ఏ మచ్చా సరిగ్గా తెలియదు.

మీరు అడగలేదు గాని, మెత్తబరిచే క్రీము ఎప్పుడు రాయాలన్నది కూడా చెప్పాలి. చాలామంది తోలు శుభ్రం చేసిన రోజే క్రీము రాసేస్తారు. పొగ వాసన ఉన్న జాకెట్టుకు అది తొందరపాటు. క్రీములోని నూనె, మైనం పైన పొరలా నిలిచి లోపలి వాసనను మెల్లగా పీల్చుకుని తమలోనే ఉంచుకుంటాయి, ఆ తరువాత గాలికి ఎంతకాలం పెట్టినా పోదు. వాసన తగ్గిందని నమ్మకం కుదిరేదాకా ఆగండి. అప్పుడు కూడా సువాసన కలపని క్రీమునే ఎంచుకుని, పలచగా రాసి, మిగిలింది తుడిచేయండి. తోలు అంతలోనే ఎండిపోతుందేమోనన్న బెంగ అక్కర్లేదు, కొన్ని వారాల గాలికి మంచి తోలుకు ఏమీ కాదు.

వాసన తగ్గిందో లేదో మీ ముక్కుతో నిర్ణయించుకోవద్దు. రోజూ దాని పక్కనే ఉంటే ముక్కు అలవాటుపడి పసిగట్టడం మానేస్తుంది. జాకెట్టును ఒక పూట శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో మూసి, మూతి విప్పిన వెంటనే, పొగ అలవాటు లేని, ఆ గదిలో తిరగని మనిషిని వాసన చూడమనండి. మూసిన సంచిలో వాసన గట్టిపడుతుంది కాబట్టి దాగి ఉన్నది బయటపడుతుంది. ఆ పరీక్ష అయ్యాక మాత్రం ప్లాస్టిక్‌లో ఉంచకుండా నూలు బట్ట కవరులోకి మార్చండి.


నాలుగవ సమాధానం

ఇప్పటివరకు జరిగిన చర్చ అంతా సిగరెట్ పొగ గురించే. ఇంట్లో పొగ వాసన పట్టిన తోలు దుస్తుల కోసం ఈ సమాధానాలు వెతుక్కునే వారిలో కట్టెల పొగ తగిలినవారు, అగ్నిప్రమాదంలో పొగచూరిన దుస్తులు మిగిలినవారు కూడా ఉంటారు కాబట్టి ఆ తేడా చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

కట్టెల పొగలో నికోటిన్ ఉండదు. కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం కాలినప్పుడు పుట్టే గ్వాయకాల్, సిరింగాల్ వంటి ఫినాళ్లే ఆ కమురు వాసనకు ముఖ్య కారణం. కాబట్టి నికోటిన్ కోసం చెప్పిన వెనిగర్ తుంపర ఇక్కడ పెద్దగా ఉపకరించదు, బొగ్గు, గాలి, అస్తరు తుడవడం, ఈ మూడే ఉపకరిస్తాయి. చలిమంట దగ్గర ఒక్కసారి కూర్చున్నందువల్ల పట్టిన వాసన అయితే, పైపైనే ఉంటుంది కాబట్టి తిరగేసి కొన్నాళ్లు నీడలో గాలికి వదిలేస్తే సాధారణంగా పోతుంది. దానికోసం జాకెట్టును తడపడం అనవసరం. మంచుగడ్డ కట్టే పెట్టెలో పెడితే వాసన పోతుందన్న సలహా కూడా ఈ సందర్భంలో వినిపిస్తుంటుంది. చల్లదనం సూక్ష్మజీవుల ఎదుగుదలను ఆపుతుంది, అవి పుట్టించే చెమట వాసన వంటివాటిని కొంత అదుపు చేస్తుంది. పొగ వాసనకు సూక్ష్మజీవులతో సంబంధం లేదు, చల్లదనానికి అది ఆవిరి కావడం ఆగుతుంది తప్ప పోదు, బయటికి తీయగానే మళ్లీ వస్తుంది.

అగ్నిప్రమాదపు పొగ వేరే కథ. అక్కడ వాసనతో పాటు మసి కూడా ఉంటుంది. మసి చాలా సన్నని జిడ్డు పొడి, దాన్ని తడి గుడ్డతో తాకితే తోలు రంధ్రాల్లోకి దిగి శాశ్వతంగా నల్లబారుస్తుంది. అందుకే ముందు జాకెట్టును ఆరుబయట మెల్లగా దులిపి, వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని తోలుకు ఆనించకుండా కొద్ది ఎత్తులో పట్టి పైపొడిని లాగేయాలి. మిగిలిన దానికి మసి తుడవడానికే తయారుచేసే పొడి రబ్బరు స్పాంజి దొరుకుతుంది. దానితో రుద్దకుండా ఒకే దిశలో లాగుతూ, నల్లబడిన పొరను కోసేస్తూ వాడాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు దుమ్ము ఆపే మాస్కు తప్పనిసరి.

ఆ మంటలో ప్లాస్టిక్ వస్తువులు, ముఖ్యంగా పీవీసీ తొడుగున్న విద్యుత్ తీగలు కాలి ఉంటే, ఇంట్లో చేయగలిగిన పని అక్కడితో ఆపేయండి. పీవీసీ కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడుతుంది. అది చెమ్మతో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లమై జిప్పు పళ్లను, గుండీలను తినేస్తుంది, తోలు పోగులను బలహీనపరుస్తుంది. ఇతర విష పదార్థాలు కూడా మసిలో కలిసి ఉంటాయి. ఆ జాకెట్టును మిగతా బట్టలతో కలపకుండా విడిగా చుట్టి, వీలైనంత త్వరగా తోలు శుభ్రపరచడంలో అనుభవమున్నవారికి అప్పగించాలి. మామూలు డ్రైక్లీనింగ్‌కు ఇవ్వవద్దు, అక్కడ వాడే ద్రావకాలు తోలులోని నూనెను కూడా లాగేస్తాయి. తోలు పని తెలిసినవారు శుభ్రం చేశాక తిరిగి నూనె పట్టిస్తారు. ఇచ్చేటప్పుడు ఏయే వస్తువులు కాలాయి, మంట ఆర్పడానికి నీళ్లు వాడారా, పొడి వాడారా, జాకెట్టు ఎన్ని రోజులు మసిలో ఉంది, ఈ మూడూ చెప్పండి. వారు మొదట దేనితో తుడవాలో నిర్ణయించుకునేది ఆ సమాచారాన్ని బట్టే.